నిద్దరట్టట్నేదమ్మా అన్నప్పుడే

తమ్ముడు సూరత్ నుంచి తిరిగొచ్చిన వేసవిలో మా కళ్లకి కనబడిన మార్పు ఒక్కటే, బాగా చిక్కిపోయాడు. అమ్మ ఆ చిక్కడం చూసే బాధపడి రోజూ వాడికిష్టమైనవి వండిపెట్టింది. వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, తెల్లారకట్ల నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే వాడు అప్పటికే గడప పక్కన కూర్చుని ఉన్నాడు. అమ్మ టీ గ్లాసు అందిస్తే పుచ్చుకుని, "నిద్దరట్టట్నేదమ్మా" అన్నాడు. "కొత్త కదరా, సర్దుకుంటాదిలే" అంది అమ్మ. పుట్టి పెరిగిన ఇంట్లో కొత్తేమిటని నాకు తట్టలేదు.

అది 2013. వాడికి 20 ఏళ్లు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ మాట ఎన్నిసార్లన్నాడో ఇప్పుడు కూర్చుని లెక్క తీస్తుంటాను. అమ్మతో, నాతో, చెల్లెలితో, మందుల షాపులో, ఒక డాక్టరు దగ్గర. వాడు మాకు నోరు తెరిచి చెప్పిన కష్టం అదొక్కటే. మేం మాత్రం అది తప్ప మిగతావన్నీ పట్టించుకున్నాం. తిండి తగ్గింది, కోపం పెరిగింది, స్నేహితులు మారారు, పెళ్లీడు వస్తోంది. ఏడాది తిరిగేసరికి వాడికి స్కిజోఫ్రీనియా అని తేలింది, అంటే లేనివి వినబడి, లేనిపోని అనుమానాలు నిజమనిపించే మనసు జబ్బు. ఇదంతా రాయమని వాడే చెప్పాడు. "నా పేరు వద్దక్కా, మిగతాదంతా రాయి" అన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఒక కుర్రాడు నిద్ర పట్టట్లేదని వారాల తరబడి చెబుతుంటే, వైద్యం చెయ్యడానికి ఆ మాట చాలు. అది పెద్ద జబ్బుకి గుర్తా కాదా అని తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా అంతకుముందు మనసు జబ్బు ఉండి ఉంటే అసలే ఆగకూడదు. మా తాతగారి తమ్ముడు 'దేశాలు పట్టిపోయాడు' అని మాత్రమే మాకు చిన్నప్పుడు చెప్పారు. ఆయన్ని రెండేళ్లు వెనకగదిలో పెట్టి తాళం వేశారని తమ్ముడు ఆస్పత్రిలో చేరాక గాని మా నాన్న నోటి నుంచి రాలేదు.

మాది బరంపురంలో మగ్గాల ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. తాత మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. దీపాలు పెట్టాక గుంటలోకి దిగేవాడు కాదు. నాన్న కాలానికి మగ్గం మూలపడింది, మా తమ్ముడి కాలానికి నేత అంటే సూరత్ పవర్‌లూమే. గంజాం జిల్లాలో సూరత్‌కి మనిషిని పంపని ఊరు వెతకాలి. అక్కడ 12 గంటల షిఫ్టు. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి, మళ్లీ పగలు. మెస్సు అని పిలిచే గదుల్లో పదుల మంది ఉంటారు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్లిన చోటే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడు. ఆ గదుల్లో దీపం ఆరదు, మాట ఆగదు. పక్కన లూముల చప్పుడు ఎటూ ఆగదు. రెండేళ్లు అలా బతికాడు మా వాడు. సూరత్ వల్లే జబ్బు వచ్చిందని నేను అనను. అక్కడికి వెళ్లిన లక్షల మందికి రాలేదు. అయితే, జబ్బు వచ్చే వీలున్న ఒక కుర్రాడి దగ్గర్నుంచి రెండేళ్లు నిద్ర లాక్కుంటే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న, దాన్ని మా జిల్లాలో ఎవరూ అడగరు.

నిద్ర ఎలా వస్తుందో అర్థం చేసుకోవడానికి 1982లో అలెగ్జాండర్ బోర్బెయ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది. నిద్రకి రెండు పోగులు. మెలకువగా ఉన్నకొద్దీ నిద్ర ఆకలి పెరగడం ఒకటి. వెలుతురునీ చీకటినీ బట్టి ఒళ్లు నడుపుకునే 24 గంటల గడియారం రెండోది. నేతింటి పిల్లని కాబట్టి నాకది పడుగూ పేకలా కనబడింది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బట్ట. షిఫ్టులు మారే మనిషికి ఆకలి ఒక వేళకి, గడియారం ఇంకో వేళకి. ఒళ్లు హూనమైపోతుంది కానీ నిద్ర పట్టదు. మా పెద్దవాళ్లు "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంటూ, "అలిసిపోతే అదే వస్తాదిరా" అనేవాళ్లు. ఆరోగ్యంగా ఉన్నవాడి సంగతిలో అది నిజమే. గడియారం చెడినవాడితో ఆ మాట అంటే వాడి బాధ నమ్మనట్టే. మా ఇంట్లో వాడి నోరు మూయించింది ఆ సామెతే.

ఆ అక్టోబర్ 12 రాత్రి గోపాలపురం దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. బరంపురంలో ఎవరం కన్ను మూయలేదు. గాలి గంటకి 200 కిలోమీటర్లు, పెంకులు ఎగిరిపోతున్నాయి, అమ్మ మమ్మల్నందరినీ మధ్య గదిలో ఒక్కచోట కూర్చోబెట్టి మా ఊరి అమ్మవారు ఠాకురాణిని తలుచుకుంటూ ఉంది. మర్నాడంతా నీళ్లకీ, కూలిన చెట్లకీ సరిపోయింది. ఆ రెండో రాత్రి మాత్రం అందరం ఎక్కడివాళ్లం అక్కడ, తడి నేల మీదే పడి మొద్దు నిద్రపోయాం. కరెంటు లేదు, వీధంతా చీకటి. అర్ధరాత్రి దాటాక నాకు మెలకువ వస్తే తమ్ముడు వీధిలో కూలిన చెట్ల మధ్య అటూ ఇటూ నడుస్తున్నాడు. ఒక్క రాత్రి నిద్ర తప్పితే ఒళ్లు మర్నాడు వడ్డీతో వసూలు చేసుకుంటుంది. వసూలు చేసుకోలేకపోతే ఏదో చెడిందని అర్థం. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను, ఆ రాత్రి మాత్రం "వచ్చి పడుకోరా" అని కసిరి మళ్లీ నిద్రలోకి జారిపోయాను.

కార్తీకంలో ఒక రోజు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "అక్కా, వెనకింటోళ్లు రాత్రుళ్లు నా గురించే మాటాడుకుంటున్నారా, లేపోతే నాకే అలా అనిపిస్తందా?"

వైద్యులతో మాట్లాడాక, చదివాక, ఆ ప్రశ్న విలువ తెలిసింది. 1994లో మెల్బోర్న్‌లో పాట్రిక్ మెక్‌గోరీ, అలిసన్ యంగ్ మొదలైన మానసిక వైద్యులు ఒక క్లినిక్ తెరిచారు. జబ్బు ఇంకా రాకుండా, వచ్చే సూచనలు కనబడుతున్న కుర్రవాళ్ల కోసం. ఏదో వినిపించినట్టు ఉంటుంది, ఎవరో గమనిస్తున్నట్టు ఉంటుంది, అయినా 'నాకే అలా అనిపిస్తోందేమో' అనే సందేహం ఇంకా బతికే ఉంటుంది. ఆ దశకి అక్కడివాళ్లు కొలతలు కట్టారు. ఆ దశలో ఉన్నవాళ్లని మూడేళ్ల పాటు గమనిస్తే సుమారు నలుగురిలో ఒకరికి పూర్తి జబ్బుగా మారుతోందని అనేక అధ్యయనాలని కలిపి వేసిన లెక్క. మిగతా ముగ్గురూ ఆ గట్టు దాటరు. అలాంటి పిల్లల్లో చాలామంది చెప్పుకునే బాధల్లో నిద్ర చెడడం ఒకటి. రాత్రి పట్టకపోవడం, పగలూ రాత్రీ తారుమారైపోవడం, పీడకలలు. మా తమ్ముడు ఆ దశలో నిలబడి నన్ను అడిగాడు. "నిద్ర లేక అలా అనిపిస్తోందిరా" అన్నాను. నా జవాబులో సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని పట్టుకుని అయినా, నిద్రకి వైద్యం చేయిద్దామని అనుకోలేదు.

చాలాకాలం మానసిక వైద్యంలో కూడా నిద్రని పొగలాగే చూశారు. నిప్పు ఆర్పితే పొగ అదే పోతుందని. ఈ చూపు మారడానికి కారణమైన పనుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ అనే సైకాలజిస్టు బృందం చేసింది ఒకటి. బ్రిటన్‌లో 26 విశ్వవిద్యాలయాల నుంచి నిద్రలేమి ఉన్న 3,755 మంది విద్యార్థుల్ని తీసుకున్నారు. కొందరికి కంప్యూటర్ ద్వారా నిద్ర కోసం ప్రవర్తన చికిత్స ఇచ్చారు, మిగతావాళ్లకి మామూలుగా దొరికేదే దొరికింది. 2017లో ఫలితాలు వచ్చాయి. చికిత్స తీసుకున్నవాళ్లకి నిద్ర బాగుపడింది, దాంతోపాటు అనుమానాలూ, లేనివి వినిపించడం, కనిపించడం లాంటివీ తగ్గాయి. 10 వారాల దగ్గర చూస్తే అనుమానాలు తగ్గడంలో సగానికి పైగా నిద్ర బాగుపడడం ద్వారా వచ్చిందేనని లెక్క తేలింది. ఆ చికిత్సలో అనుమానాల గురించి ఒక్క మాట లేదని గుర్తుంచుకోవాలి. నిద్ర బాగుచేస్తే మనసు కూడా కొంత కుదురుకుంది. ఆ తర్వాత ఫెలిసిటీ వెయిట్ అనే సైకాలజిస్టు, జబ్బు గట్టు మీద ఉన్న 14 నుంచి 25 ఏళ్ల పిల్లలు 40 మందితో చిన్న పరిశీలన చేసి 2023లో ప్రచురించారు. పిల్లలు చికిత్సకి ఇష్టంగా వచ్చారు, నిద్రలేమి బాగా తగ్గింది. నిద్ర బాగుచేస్తే స్కిజోఫ్రీనియా రాకుండా ఆగిపోతుందని ఇవేవీ రుజువు చెయ్యలేదు. 40 మందితో అది తేలేదీ కాదు. నా వాదనకి అది అవసరం కూడా లేదు. నిద్ర పట్టనివాడికి నిద్ర పట్టేలా చెయ్యడం దానికదే వైద్యం.

మా ఆడపడుచు నర్సు. ఈ మాటలు ఆమెతో అన్నప్పుడు, "వదినా, మీరిలా చెప్తే నిద్రపట్టని ప్రతి పిల్లాడిలోనూ తల్లులకి పిచ్చి కనబడుతుంది" అంది. ఆ భయం నాకూ ఉంది. అందుకే లెక్కలు చెప్పాలి. ఈ జబ్బు మామూలు జనంలో వందలో ఒకరికి రావచ్చు. తోడబుట్టినవాళ్లకి ఉంటే వందలో సుమారు తొమ్మిది పది మందికి. మేనమామకి ఉంటే మేనల్లుళ్లలో వందకి మూడు నాలుగు. అంటే రానివాళ్లే చాలా ఎక్కువ. నిద్రపట్టని పిల్లల్లో ఎక్కువమందికి పరీక్షలో, ప్రేమో, ఫోనో, డబ్బో కారణం. వాళ్లకీ వైద్యం కావాలి కదా. నేను అడుగుతున్న దానికి ఏ ముద్రా అక్కర్లేదు. జబ్బు పేరు ఎత్తకుండానే నిద్రకి వైద్యం చెయ్యచ్చు, అందులోనే దాని గొప్ప ఉంది. మతి గురించి అడిగితే మా వీధిలో తలుపులు మూసుకుంటాయి, పెళ్లిళ్లు తప్పిపోతాయి. నిద్ర గురించి అడిగితే ఎవరూ సిగ్గుపడరు. "నిద హేఉ నాహిఁ" అని ఒడియాలో అన్నా, "నిద్దరట్టట్నేదు" అని తెలుగులో అన్నా, అది పదిమందిలో చెప్పుకోగలిగిన మాట. మనసు జబ్బు గురించి పరువు పోకుండా మాట్లాడుకోవడానికి మాకున్న దారి అదొక్కటే.

మా తమ్ముడు ఆ దారినే వెళ్లాడు. ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండు నిమిషాలు చూశారు. "ఈ వయసులో ఫోన్ పక్కన పెడితే అదే వస్తుంది" అన్నారు. తమ్ముడికి ఫోనుంటే కదా, సూరత్‌లోనే అమ్మేసుకున్నాడు. పైగా వాడికి మనసు విప్పే మాటలు ఒడియాలో రావు. 'ఏదో తేడాగా ఉంది' అన్నదాన్ని "కిఛి గొడబొడ లాగుఛి" అని నేను చెబితే కడుపులో గడబిడ అనుకున్నారు ఆయన. అక్కడి నుంచి మందుల షాపు. అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ షాపులో వాడికి చీటీ అడగకుండానే ఇచ్చారు. మొదటి వారం పడుకున్నాడు, అమ్మ కొబ్బరికాయ కొట్టింది. తర్వాత ఒకటి చాలక రెండు, రెండు చాలక మూడు. డబ్బుల్లేక ఒకేసారి ఆపేశాడు. ఆ మందు అలా ఆపితే పోయిన నిద్రలేమి రెట్టింపై తిరిగొస్తుంది, మూర్ఛ కూడా రావచ్చు. నాలుగు రాత్రులు వాడి కళ్లు మూతపడలేదు. డాక్టరు చేతి మీదుగా, కొద్దికాలానికి వాడే మందు వేరు, ఇది వేరు.

శివరాత్రికి గుడిలో జాగారం చేశాడు. వీధి వీధంతా మెచ్చుకుంది, కుర్రాడు ఎంత భక్తిగా కూర్చున్నాడని. మర్నాడు కూడా పడుకోలేదు. ఆ తర్వాత గుణియా, అంటే భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఆయన రాత్రంతా వాడిని కూర్చోబెట్టి డప్పు మధ్య పూజ చేశాడు. జాగారాలనీ గుణియాలనీ నేను తప్పుపట్టడం లేదు, మనిషికి ధైర్యం ఇచ్చేవి ఎన్నో రకాలు. నేను చెప్పేది ఒకటే, నిద్ర లేక కొట్టుకుంటున్నవాడి చేత ఇంకో రాత్రి మేలుకోబెట్టకండి. పూజ పగలు చేయించండి. 1964లో అమెరికాలో రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల కుర్రాడు 264 గంటలు మెలకువగా ఉండి చూపించాడు. తర్వాత నిద్రపోయి మామూలైపోయాడని ఆ కథ అందరూ ఉత్సాహంగా చెబుతారు. అది ఆ కుర్రాడి కథ. మా ఇంట్లో అంత మెలకువ అవసరం పడలేదు.

ఇక్కడ ఒక్క తేడా తల్లులందరికీ తెలియాలని నా కోరిక. నిద్ర కావాలని తపించినా పట్టక, పగలంతా వాడిపోయి ఉండడం ఒకటి. రాత్రికి మూడు గంటలే పడుకుని, ఏమాత్రం అలుపు లేకుండా, వరద గోదారిలా మాటలాడుతూ, అప్పు చేసి కొనేస్తూ, 'నాకు నిద్రే అక్కర్లేదు' అనడం ఇంకోటి. రెండోది మేనియా కావచ్చు. 1987లోనే థామస్ వేర్ అనే అమెరికన్ వైద్యుడు, మేనియాకి దారితీసే రకరకాల కారణాలు నిద్ర తగ్గడం దగ్గరే కలుస్తున్నాయని రాశారు. కొత్త పసిబిడ్డ, ప్రయాణం, చావు, పెళ్లి, ఏదైనా కానీ, అది నిద్రని తినేస్తే జబ్బుకి ఎదురు ఉండదు. అలాంటి పిల్లాడు హుషారుగా ఉన్నాడని మురిసిపోకుండా ఆ వారంలోనే చూపించాలి.

పోయినేడు దసరాకి మా చెల్లెలి కొడుకు గుణుపురం నుంచి వచ్చాడు. ఇంజినీరింగ్ రెండో ఏడాది, 19 ఏళ్లు. "పెద్దమ్మా, నాలుగు దాటితే గానీ నిద్ర రావట్లేదు" అన్నాడు. నా చేతులు చల్లబడ్డాయి. చెల్లెలి మొహం చూశాను, తనకీ అదే గుర్తొచ్చింది. లక్ష్మణుడి వంతు నిద్ర ఊర్మిళ పోయిందంటారు. మా అమ్మ తమ్ముడి మంచం పక్కన కూర్చుని, "ఈడి మెలకువ నాకిచ్చి నా నిద్దర ఈడికివ్వు తల్లీ" అని ఠాకురాణికి మొక్కుకునేది. అలాంటి రాత్రులు మా చెల్లెలికి రాకూడదు. ఈసారి వారం తిరక్కుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన ముప్పావు గంట మాట్లాడారు. పిల్లాడికి అనుమానాలూ, శబ్దాలూ ఏమీ లేవు. గడియారం వెనక్కి జరిగింది, ఆ వయసులో చాలామందికి జరిగేదే. రాత్రి తొమ్మిదికి తాగే టీ దానికి తోడు. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుందట. మా ఇంటి చరిత్ర అంతా విని, నిద్ర గంటలు ఒక్కసారిగా కుదించే పద్ధతి ఈ అబ్బాయికి వద్దన్నారు. లేచే వేళ మాత్రం రోజూ ఒకటే ఉండాలి, లేవగానే ఎండలోకి రావాలి, నిద్ర వస్తేనే మంచం ఎక్కాలి, రాకపోతే లేచి వచ్చెయ్యాలి. మంచానికీ మెలకువకీ ఉన్న అలవాటు తెంపడం ఇందులో కిటుకు. 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి.

ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో పడుకునే ఇంట్లో లేచి ఎక్కడికి రావాలి? మంచం మీదే చదువుతాడు, మంచం మీదే తింటాడు. దీనికి ఉపాయం తమ్ముడే చెప్పాడు. "ఈడికి మంచం ఒద్దక్కా, చాప ఇయ్యి. నిద్దరొస్తేనే పరుచుకుంటాడు. లేవగానే చుట్టి మూల పెట్టీమను." చాప పరిచి ఉంటే నిద్ర, చుట్టి ఉంటే పగలు. గది ఒక్కటే అయినా రెండవుతుంది. డాక్టరుగారికి చెబితే చాలా సంతోషించారు.

ఇలాంటి మాట మా జిల్లాలో ఊరూరా వినబడాలని నేను అడుగుతున్నాను. ఆశా కార్యకర్త జ్వరం అడుగుతుంది, బీపీ అడుగుతుంది, సూరత్ నుంచి వచ్చిన కుర్రాడిని దగ్గూ ఆయాసం అడుగుతుంది. 'రాత్రి నిద్రెలా ఉంది? ఎన్నాళ్ల నుంచి?' అని కూడా అడగమనండి. దానికి మిషను అక్కర్లేదు. మూడు వారాలు దాటిందంటే చీటీ రాసి పంపమనండి. 2022 అక్టోబర్ 10 నుంచి మనసు కష్టాలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబర్ 14416 నడుస్తోంది, రాత్రీ పగలూ, తెలుగులోనూ ఒడియాలోనూ. నిద్ర పట్టక కూర్చున్న రాత్రి రెండు గంటలకి కూడా అవతల మనిషి పలుకుతారు. 2013లో మాకది లేదు.

తమ్ముడికి ఇప్పుడు 30 దాటాయి. మందులు వాడుతున్నాడు, బట్టల కొట్లో పని. ఎప్పుడైనా రెండు రాత్రులు వరసగా నిద్ర చెడితే తనే వచ్చి చెబుతాడు, మేం మూడో రాత్రి దాకా ఆగం. మేనల్లుడు సెలవుల్లో ఇంటికొస్తే పొద్దున్న ఆరుకి లేపే పని వాడిదే. గుమ్మంలో నిలబడి చాప అంచు కాలితో కదుపుతూ, "లెగరా, ఎండొచ్చింది" అంటాడు. ఇద్దరూ చెరువు గట్టు దాకా నడిచొస్తారు. పిల్లాడు డాక్టరు చెప్పినట్టు నోటుబుక్కులో రోజూ ఒక గీత రాస్తాడు. నిన్నటిది చూశాను: 'చాప పరిచింది 12:40. మెలకువ ఒక్కసారి. లేపింది మామయ్య, 6.'